పాస్‌పోర్ట్ పోతే సిటిజన్‌షిప్ ఆగిపోతుందా?

ఈ నెల అమెరికా నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిలో సంగతి ఒకటే, ఇండియన్ పాస్‌పోర్ట్ పోయింది, ఇప్పుడు సిటిజన్‌షిప్ సంగతేంటి అని. కొందరిది ఇల్లు మారేటప్పుడు పోయింది, కొందరిది ఊరెళ్లినప్పుడు పోయింది, ఒకాయనది పోయి మళ్లీ దొరికింది. అందుకే ఈసారి మిగతావి పక్కన పెట్టి వీటికే చోటిచ్చాం.

ప్రశ్న: నాకు గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్లు నిండబోతున్నాయండి, సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఎన్-400 వేద్దామని కూర్చున్నాం. కిందటేడు ఇల్లు మారినప్పుడు నా పాత ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న కవరు ఎక్కడో పోయింది, స్టాంపులన్నీ దాంట్లోనే ఉన్నాయి. రెన్యూ చేయించుకున్న కొత్త పాస్‌పోర్ట్‌లో ఒక్క ట్రిప్పే ఉంది. ఫారంలో ఐదేళ్ల ట్రిప్పులన్నీ తేదీలతో సహా రాయమంటున్నారు. మావారేమో గుర్తున్నంతవరకు ఉజ్జాయింపుగా రాసెయ్ అంటున్నారు, మా ఫ్రెండేమో పాస్‌పోర్ట్ పోయిన సంగతి అస్సలు ఎత్తకు, ఎత్తితే కేసు పక్కన పడేస్తారు అంటోంది. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందు మీ ఫ్రెండ్ మాట పక్కన పెట్టండమ్మా. పాస్‌పోర్ట్ పోవడం సిటిజన్‌షిప్‌కి అడ్డం కాదు. వాళ్లు చూసేవి వేరు. గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్లయిందా, అమెరికన్ సిటిజన్‌ని పెళ్లి చేసుకుని వాళ్లతో కలిసుంటున్నవాళ్లయితే మూడేళ్లయిందా, ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు ఇక్కడే ఉన్నారా, మధ్యలో ఎప్పుడైనా ఒకేసారి ఆరు నెలలు దాటి బయట ఉండిపోయారా, ట్యాక్సులు కట్టారా, పోలీసు కేసులేమైనా ఉన్నాయా, ఇంగ్లిష్, సివిక్స్ పరీక్ష పాసవుతారా, ఇవీ. సొంత దేశం పాస్‌పోర్ట్ చేతిలో ఉండి తీరాలి అన్న రూలు వీటిలో ఎక్కడా లేదు.

మరి ఇంటర్వ్యూ లెటర్లో పాస్‌పోర్ట్‌లు తెమ్మని ఎందుకు రాస్తారంటే, మీరు ఫారంలో రాసిన ట్రిప్పులు నిజమో కాదో చూసుకోడానికి అదొక సాక్ష్యం కాబట్టి. ఒక సాక్ష్యం పోయింది, అంతే. మిగతా సాక్ష్యాలు మీ దగ్గరే చాలా ఉంటాయి, వాటిని ఏరుకోవడమే ఇప్పుడు మీ పని, నిజం చెప్పాలంటే కాస్త ఓపిక పట్టాల్సిన పనే.

ఇక మీవారు చెప్పిన ఉజ్జాయింపు సంగతి. వద్దండి. ఎందుకంటే మీ ఎదురుగా కూర్చున్న ఆఫీసర్ దగ్గర మీ రాకపోకల రికార్డు ఉంటుంది, మీరు ఎక్కిన ప్రతి అంతర్జాతీయ విమానం వాళ్లూ ప్రయాణికుల వివరాలు కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్‌కి, అంటే సీబీపీకి, పంపుతారు, వెళ్లినప్పుడూ పంపుతారు వచ్చినప్పుడూ పంపుతారు. ఒక తేదీ ఒక రోజు అటూ ఇటూ అయితే ఎవరూ ఏమీ అనరు, కానీ ఉజ్జాయింపుగా రాస్తూ రాస్తూ రెండు నెలల ట్రిప్పు ఒకటి మొత్తానికే మర్చిపోయారనుకోండి, ఆఫీసర్‌కి అది మర్చిపోయినట్టు కాదు దాచినట్టు కనిపిస్తుంది, పైగా ఇంటర్వ్యూలో మీరు చెప్పేదంతా ప్రమాణం చేసి చెప్పేదే. తెలియక జరిగిన పొరపాటు వేరు, కావాలని చెప్పిన అబద్ధం వేరు, రెండోది రుజువైతే గుడ్ మోరల్ క్యారెక్టర్, అంటే మంచి నడవడిక ఉండాలనే షరతు దగ్గరే కేసు పోతుంది. ఆ అనుమానం వచ్చే పరిస్థితి మనంతట మనం ఎందుకు తెచ్చుకోవాలి.

తేదీలు ఎలా రాబట్టాలో చెప్తా. మీవారూ పిల్లలూ కూడా ఆ ట్రిప్పుల్లో మీతో వచ్చారా? అయితే ముందు వాళ్ల పాస్‌పోర్ట్‌లు తియ్యండి, మీ స్టాంపులే వాటిలో ఉంటాయి, ఈ చిన్న సంగతి చాలామందికి తట్టదు. తర్వాత ఈమెయిల్లో ఎయిర్‌లైన్ పేర్లతో, ఈ-టికెట్, ఐటినరరీ అనే మాటలతో వెతకండి. టికెట్ కొన్నంత మాత్రాన ఆ రోజే వెళ్లినట్టు కాదు, తేదీ మార్చుకుని ఉండొచ్చు, కాబట్టి బోర్డింగ్ పాస్ మెయిల్ గానీ చెకిన్ మెయిల్ గానీ దొరికితే అది ఎక్కువ నమ్మకం. ఆఫీసులో సెలవు పెట్టిన రికార్డు, కార్డ్ స్టేట్‌మెంట్లో ఇండియాలో గీకిన మొదటి రోజూ చివరి రోజూ, ఫోన్లో ఎయిర్‌పోర్ట్‌లో తీసుకున్న ఫోటోలు, పిల్లల స్కూల్ అటెండెన్స్, ఇవన్నీ పనికొస్తాయి. ట్రావెల్ ఏజెంట్ ద్వారా కొని ఉంటే ఆయన్నడిగితే పాత బుకింగ్ మళ్లీ పంపుతారు.

వీటన్నిటికంటే గట్టిది సీబీపీకి ఫోయా రిక్వెస్ట్ పెట్టడం. మన రికార్డు మనకివ్వమని అడగడమన్నమాట, ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు, ఎంట్రీ ఎగ్జిట్ రికార్డు కావాలని స్పష్టంగా రాసి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో చెప్పండి, వాడిన పాత పాస్‌పోర్ట్ నంబర్లు తెలిస్తే అవీ ఇవ్వండి. రావడానికి టైం పడుతుంది కాబట్టి ఫారం నింపడం మొదలుపెట్టిన రోజే ఇది పెట్టేయండి. అమెరికాలోకి వచ్చిన రికార్డు చూపే ఐ-94 వెబ్‌సైట్లో ట్రావెల్ హిస్టరీ వస్తుంది కదా అని కొందరు అంటారు, అది ముఖ్యంగా వీసా మీద వచ్చేవాళ్ల కోసం పెట్టింది, గ్రీన్ కార్డ్ వాళ్లు దాన్ని మాత్రమే నమ్ముకుంటే సగం ట్రిప్పులు కనపడకపోవచ్చు. ఇంకో సంగతి, కారులో కెనడా వెళ్లొచ్చినవీ, మెక్సికో వైపు క్రూజ్ ట్రిప్పులూ కూడా 24 గంటలు దాటితే రాయాల్సిందే, ఇండియా ట్రిప్పులు మాత్రమే ట్రిప్పులనుకుని వీటిని వదిలేసేవాళ్లు చాలామంది.

స్టాంపు చూసి తేదీ రాసేటప్పుడు ఒకచోట జాగ్రత్త. మీరు మార్చి 3 సాయంత్రం డాలస్‌లో ఫ్లైట్ ఎక్కితే శంషాబాద్‌లో స్టాంపు మార్చి 5 తెల్లవారుజాము తేదీతో పడుతుంది. ఫారం అడిగేది మీరు అమెరికా విడిచిన తేదీ, అంటే మార్చి 3, స్టాంపులో ఉన్న 5 కాదు. తిరిగొచ్చేటప్పుడు అమెరికాలో దిగిన తేదీ రాయాలి, చాలాసార్లు హైదరాబాద్‌లో ఎక్కిన తేదీనే ఇక్కడ దిగుతాం కూడా. పైగా మనం రోజు ముందు నెల తర్వాత రాస్తాం, వీళ్లు నెల ముందు రాస్తారు, 03/05 అంటే మనకి మే 3, వీళ్లకి మార్చి 5. గ్రీన్ కార్డ్ వాళ్లకి అమెరికాలో దిగినప్పుడు చాలాసార్లు స్టాంపే వెయ్యరు కాబట్టి పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు కూడా ఈ లెక్క చేసుకోక తప్పదు, మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదిది.

రోజుల లెక్క గురించి భయపడకండి. ఐదేళ్లంటే 1,826 రోజులు, దాంట్లో 913 రోజులు ఇక్కడుంటే చాలు. బయల్దేరిన రోజూ తిరిగొచ్చిన రోజూ రెండూ ఇక్కడున్నట్టే లెక్క. ఐదేళ్లలో మొత్తం కలిపి రెండు మూడు వందల రోజులు బయటున్నవాళ్లకి ఒక తేదీ ఒక రోజు తేడా వచ్చినా అర్హతలో ఏ మార్పూ రాదు. ఒక్క ట్రిప్పు ఆరు నెలల గీత దగ్గరికొస్తే మాత్రం తేదీ కచ్చితంగా ఉండాలి, అక్కడ ఒక్క రోజు కూడా కేసు మారుస్తుంది.

ఇక ఫారంలో ఏం రాయాలి. అదనపు సమాచారం రాసే పేజీ ఉంటుంది, అక్కడ రెండు మూడు వాక్యాలు చాలు, నా పాత పాస్‌పోర్ట్ ఫలానా నెలలో ఇల్లు మారేటప్పుడు పోయింది, ఈ తేదీలు టికెట్లూ ఆఫీస్ రికార్డులూ సీబీపీ రికార్డూ చూసి రాశాను అని. ఆఫీసర్ అడిగితే కూడా అదే మాట, కథ పెంచొద్దు. మీది రెన్యూ అయ్యాక క్యాన్సిల్ చేసి తిరిగిచ్చిన పుస్తకం కాబట్టి కొత్తది తీసుకునే పనిలేదు, పోలీస్ రిపోర్ట్ లేకపోయినా కేసుకి లోటు లేదు, మీ ఊళ్లో ఆన్‌లైన్లో ఇచ్చే వీలుంటే ఇచ్చి కాపీ పెట్టుకుంటే మంచిదే. సేకరించిన కాగితాలన్నీ ట్రిప్పుల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఆఫీసర్ ఇంకేదైనా కావాలంటే ఎన్-14 అనే కాగితం మీద రాసిచ్చి గడువిస్తారు, అది తిరస్కరణ కాదు, కంగారు పడొద్దు.

ఐదేళ్లు నిండటానికి 90 రోజుల ముందు నుంచే వెయ్యొచ్చు. 2024 ఏప్రిల్ 1న మారిన రేట్ల ప్రకారం ఆన్‌లైన్లో అయితే 710 డాలర్లు, పేపర్ మీద అయితే 760. ఫోయా జవాబు వచ్చేదాకా ఆగండి అనే నా సలహా, రెండు మూడు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు, తేదీలన్నీ తేలాక వేస్తే ఇంటర్వ్యూలో మీ గొంతు వణకదు.

ప్రశ్న: నా పాస్‌పోర్ట్ పోయిందని రిపోర్ట్ ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాను. నిన్న సూట్‌కేసు లైనింగ్‌లో పాతది దొరికింది! సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గర్లోనే ఉంది. దీన్ని చూపించొచ్చా, చూపిస్తే తప్పుడు రిపోర్ట్ ఇచ్చావంటారేమో?
— ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: చూపించండి, మంచిదే. మీరు రిపోర్ట్ ఇచ్చిన రోజు అది పోయింది నిజం, ఈ రోజు దొరికింది నిజం, తప్పుడు రిపోర్ట్ ఎలా అవుతుంది. స్టాంపుల కోసం రెండూ పట్టుకెళ్లి, పోయిందనుకున్నది తర్వాత దొరికింది అని ముందే చెప్పండి. కానీ ఆ పాత పుస్తకంతో ప్రయాణం మాత్రం చెయ్యకూడదు, పోయినట్టు నమోదైన పాస్‌పోర్ట్ ఇక చెల్లదు, అలాంటి నంబర్లు ఇంటర్‌పోల్ డేటాబేస్‌లోకి కూడా వెళ్తాయి, ఎయిర్‌పోర్ట్‌లో అది తీస్తే గంటల తరబడి కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. దొరికిన సంగతి కాన్సులేట్‌కి కూడా తెలియజేయండి.

ప్రశ్న: అమ్మానాన్నల్ని చూడ్డానికి గుంటూరు వెళ్లానండి, విజయవాడలో రైలు దిగేటప్పుడు బ్యాగ్ పోయింది, పాస్‌పోర్ట్ దాంట్లోనే. గ్రీన్ కార్డ్ జేబులో ఉంది కాబట్టి బతికిపోయాను. కొత్త పాస్‌పోర్ట్‌కి పోలీస్ వెరిఫికేషన్ అడ్రస్ దగ్గర ఆగిపోయి ఆలస్యమైంది, మొత్తం మీద ఆరు నెలల ఇరవై రోజులు ఇండియాలో ఉండిపోయాను. నా ఐదేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుందా? భార్యా పిల్లలూ ఇక్కడే ఉన్నారు, ఉద్యోగం కూడా పోలేదు.
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: దానంతటదే మొదటికి రాదండి, అయితే పట్టించుకోకుండా వదిలేసే సంగతి కూడా కాదు. ఆరు నెలలు దాటి, ఏడాదిలోపు బయట ఉంటే, మీ నివాసం మధ్యలో తెగిపోయిందని చట్టం ముందుగా అనుకుంటుంది. అది ఊహ మాత్రమే, కాదు అని రుజువు చేసే అవకాశం మీకుంటుంది, రుజువు చేసే బాధ్యత కూడా మీదే. ఏడాది, ఆపైన ఉండిపోతే ఈ ఊహా గీహా ఏమీ లేదు, లెక్క తెగినట్టే, పాస్‌పోర్ట్ పోయింది సార్ అంటే వినే చోటు అది కాదు. మీరు ఏడాదిలోపు వచ్చారు కాబట్టి మొదటి రకం.

ఇక్కడ చాలామంది చేసేదేంటంటే పాస్‌పోర్ట్ పోయిన కాగితాలు మాత్రమే పట్టుకెళ్తారు. అవి కావాలి, ఎఫ్ఐఆర్ గానీ లాస్ట్ రిపోర్ట్ గానీ, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఇచ్చిన రసీదు, ఫైల్ నంబర్ స్టేటస్ ఎలా మారుతూ వచ్చిందో చూపే మెయిల్స్, ముందుగా కొనుక్కున్న రిటర్న్ టికెట్, దాన్ని మార్చుకున్న తేదీ. ఆ మొదటి రిటర్న్ టికెట్ చాలా విలువైన కాగితం, ఆరు నెలల్లోపే తిరిగి రావాలని మీరు అనుకున్నట్టు అది చెప్తుంది. కానీ ఆఫీసర్ తూచేది అసలు మీ బతుకు ఆ ఆరు నెలలూ అమెరికాలోనే ఉందా అని. అంటే ఉద్యోగం వదల్లేదా, అక్కడ కొత్త ఉద్యోగంలో చేరలేదు కదా, భార్యా పిల్లలు ఇక్కడే ఉన్నారా, అద్దె ఇంటి లీజో మార్ట్‌గేజో నడుస్తూనే ఉందా. మీకివన్నీ ఉన్నాయి. ఆఫీస్ నుంచి మీరు ఆ నెలల్లో ఉద్యోగంలోనే ఉన్నారని లెటర్, పే స్టబ్స్, పిల్లల స్కూల్ కాగితాలు, లీజు, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్, ఇవన్నీ పాస్‌పోర్ట్ కాగితాలతో కలిపి అప్లికేషన్‌తోపాటే పెట్టండి, అడిగేదాకా ఆగొద్దు. ట్యాక్స్ రిటర్న్ నాన్ రెసిడెంట్‌గా వేసి ఉంటే మాత్రం లాయర్ని కలవకుండా ఎన్-400 వెయ్యొద్దు, అది సిటిజన్‌షిప్‌కి మాత్రమే కాదు గ్రీన్ కార్డ్‌కి కూడా ప్రమాదం.

ఇంకొకటి, ఇది మీకు కాకపోయినా చదివేవాళ్లకి. గ్రీన్ కార్డ్ ఉంటే అమెరికా లోపలికి రానిస్తారు నిజమే గానీ ఇండియా ఇమ్మిగ్రేషన్ వాళ్లు పాస్‌పోర్ట్ లేకుండా బయటికి పంపరు. అందుకే పోయిన రోజే రిపోర్ట్ ఇచ్చి, మరుసటి రోజే రీ-ఇష్యూకి పెట్టెయ్యాలి, దొరుకుతుందేమో అని రైల్వే స్టేషన్ల చుట్టూ తిరుగుతూ నెల పోగొట్టుకోకూడదు. గ్రీన్ కార్డ్ కూడా పోతే ఐ-131ఏ అని ఫారం ఉంటుంది, 575 డాలర్లు ఆన్‌లైన్లో కట్టి అమెరికన్ కాన్సులేట్‌కి స్వయంగా వెళ్లాలి, హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి మనవాళ్లకి దూరం కాదు, వాళ్లిచ్చే కాగితంతో ఎయిర్‌లైన్ వాళ్లు ఎక్కించుకుంటారు, ఇక్కడికొచ్చాక ఐ-90 వేసి కొత్త కార్డ్ తెచ్చుకోవాలి. పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డ్ రెండూ ఒకే బ్యాగ్‌లో పెట్టొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఒకటి ఒంటి మీద, ఒకటి బ్యాగ్‌లో. రెండింటి అన్ని పేజీలూ ఫోన్లో స్కాన్ చేసి ఈమెయిల్లో పెట్టుకోండి, స్టాంపులున్న పేజీలు కూడా.

ప్రశ్న: ఎన్-400 వేసేశాను, ఇంటర్వ్యూ ఇంకా రాలేదు. ఈలోగా పాస్‌పోర్ట్ పోయింది. ఎలాగూ అమెరికన్ పాస్‌పోర్ట్ వచ్చేస్తుంది కదా, ఇప్పుడు కాన్సులేట్ తరఫున అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్‌కి డబ్బు కట్టి ఇండియన్ పాస్‌పోర్ట్ మళ్లీ చేయించడం దండగ కాదా?
— ఒక పాఠకురాలు, షికాగో

జవాబు: ఇంటర్వ్యూకీ ఓత్‌కీ, అంటే సిటిజన్ అయ్యేటప్పుడు చేసే ప్రమాణానికీ మాత్రమే అయితే అక్కర్లేదు. గ్రీన్ కార్డ్, డ్రైవర్ లైసెన్స్, పోలీస్ రిపోర్ట్ కాపీ, పాత పాస్‌పోర్ట్ ఫోటోకాపీ ఉంటే అదీ పట్టుకెళ్లి పోయిందని చెప్తే సరిపోతుంది. కానీ మీకు ఊళ్లో అమ్మానాన్నలున్నారా? పెద్దవాళ్లున్నారా? ఉంటే చేయించుకోండి అనే అంటాను. ఇంటర్వ్యూ ఎప్పుడొస్తుందో, ఓత్ ఎప్పుడు పెడతారో, తర్వాత అమెరికన్ పాస్‌పోర్ట్ చేతికి రావడం, ఇండియా వెళ్లడానికి ఓసీఐనో (వేరే దేశం పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) వీసానో రావడం, ఇన్ని మెట్లున్నాయి, మధ్యలో ఒక ఫోన్ వస్తే ఏం చేస్తారు. కాన్సులేట్ వాళ్లు అత్యవసరానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, అది ఇండియా వెళ్లడానికి మాత్రమే, తిరిగి రావడానికి అక్కడ మళ్లీ పాస్‌పోర్ట్ చేయించుకోవాలి, పై ప్రశ్నలో న్యూజెర్సీ ఆయన పడ్డ పాటే మీరూ పడతారు. అందులోనూ అప్లికేషన్ పెండింగ్‌లో ఉండగా ఎక్కువ రోజులు బయట చిక్కుకుంటే ఇంటర్వ్యూ తప్పిపోతుంది. పోయిన పాస్‌పోర్ట్‌కి బదులు కొత్తది కావాలంటే పోలీస్ రిపోర్ట్, ఎలా పోయిందో చెప్తూ అఫిడవిట్ అడుగుతారు, అవెలాగూ తర్వాత కూడా మీకు కావాలి, ఎందుకో చివరి ప్రశ్నలో చెప్తా.

ప్రశ్న: మా అమ్మగారి పాత పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లో ఉండేది. గ్రీన్ కార్డ్ కూడా అలాగే వచ్చింది. పాత పాస్‌పోర్ట్ పోయి కొత్తది తీసుకున్నప్పుడు ఇంటిపేరు విడదీసి సర్‌నేమ్‌లో పెట్టారు. ఇప్పుడు రెండూ కలవడం లేదు. సిటిజన్‌షిప్‌కి ఇబ్బందా?
— ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇది లేని ఇల్లు లేదేమో, ఒక కాగితంలో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకో దాంట్లో పూర్తిగా, మరో దాంట్లో అసలే లేదు, అమెరికా కాగితాల్లో పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడి ఉంటుంది. ఇబ్బంది కాదు, దాచకపోతే. ఎన్-400లో ప్రస్తుత పేరు, గ్రీన్ కార్డ్ మీద ఉన్న పేరు, ఇదివరకు వాడిన ఇతర పేర్లు అని వేర్వేరు చోట్లు ఉంటాయి, ఇన్ని రకాలుగా ఉన్నవన్నీ అక్కడ రాసెయ్యండి. పాత పాస్‌పోర్ట్ ఫోటోకాపీ లేకపోతే గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ అప్లికేషన్లు చూసే యూఎస్‌సీఐఎస్‌కి ఫోయా పెట్టి ఆవిడ ఫైల్ కాపీ అడగొచ్చు, గ్రీన్ కార్డ్ కోసం ఇచ్చిన పాస్‌పోర్ట్ పేజీలు దాంట్లో ఉంటాయి. ఈ సందర్భంలోనే పేరు శాశ్వతంగా సరిచేసుకునే వీలు కూడా ఉంది, ఎన్-400లోనే పేరు మార్పు అడగొచ్చు, అడిగితే ఓత్ కోర్టులో జడ్జి ముందు జరుగుతుంది, కొన్ని చోట్ల దానికి ఇంకొంచెం వెయిట్ చెయ్యాలి. నా మటుకు చేయించెయ్యమంటాను, పెద్దావిడకి తర్వాత మెడికేర్ దగ్గరా, బ్యాంకు దగ్గరా, ఎయిర్‌పోర్ట్‌లో కూడా ఒకే పేరుంటే ఎంత హాయి.

ప్రశ్న: నేను సిటిజన్ అయ్యాను. మా బాబుకి పద్నాలుగేళ్లు, గ్రీన్ కార్డ్ ఉంది, మాతోనే ఉంటాడు, వాడి ఇండియన్ పాస్‌పోర్ట్ పోయింది. వాడికి ఎన్-400 వెయ్యాలా?
— ఒక పాఠకురాలు, ఫీనిక్స్

జవాబు: అక్కర్లేదమ్మా. 18 ఏళ్లలోపు పిల్లలు గ్రీన్ కార్డ్‌తో ఇక్కడ మీ దగ్గర, మీ కస్టడీలో ఉంటే మీరు సిటిజన్ అయిన రోజే వాళ్లూ సిటిజన్లయిపోతారు. వాడి బర్త్ సర్టిఫికెట్, గ్రీన్ కార్డ్, మీ నేచురలైజేషన్ సర్టిఫికెట్ పెట్టి నేరుగా అమెరికన్ పాస్‌పోర్ట్‌కి అప్లై చెయ్యండి. ఎన్-600 వేస్తే వాడి పేరు మీదే సర్టిఫికెట్ వస్తుంది, ఆన్‌లైన్లో 1,335 డాలర్లు, తొందరేం లేదు గానీ వీలున్నప్పుడు చేయించి పెట్టడం మంచిది.

ప్రశ్న: పోయిన నెల ఓత్ అయిపోయిందండి, చాలా సంతోషం. ఓసీఐకి వేద్దామంటే ముందు ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చెయ్యాలంటున్నారు. అదేమో ఎక్కడ పెట్టానో కనపడటం లేదు, ఇల్లంతా వెతికాం. సరెండర్ చెయ్యడానికి పాస్‌పోర్టే లేకపోతే ఎలా? ఓసీఐ రాదా ఇక?
— ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: ముందుగా అభినందనలండి. ఓసీఐ వస్తుంది, కాకపోతే ఒక మెట్టు ఎక్కువ. అమెరికన్ సిటిజన్ అయిన రోజునే 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం మీ భారత పౌరసత్వం ముగిసింది, మనకి రెండు పౌరసత్వాలు లేవు కదా. సరెండర్ సర్టిఫికెట్ అనేది ఆ సంగతి కాగితం మీద పెట్టించడం. పుస్తకం లేకపోతే పోలీస్ రిపోర్ట్, పోయిందని నోటరీ చేయించిన అఫిడవిట్, పాత పాస్‌పోర్ట్ ఫోటోకాపీ, నేచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ పెట్టి వీఎఫ్ఎస్ ద్వారానే వెయ్యాలి. ఫోటోకాపీ ఉంటే పని చాలా తేలిక, కనీసం నంబరు, ఇచ్చిన తేదీ, ఎక్కడిచ్చారో తెలిసినా నయమే. గ్రీన్ కార్డ్ కోసం ఇచ్చిన ఫైల్లోనో, పాత హెచ్1 కాగితాల్లోనో, లాయర్ ఆఫీస్‌లోనో, ఆఫీస్ హెచ్ఆర్ దగ్గరో మీ పాస్‌పోర్ట్ కాపీ తప్పకుండా ఒకటి ఉంటుంది, అక్కడడగండి.

అఫిడవిట్ రాసేముందు ఇంకోసారి నిదానంగా వెతకండి, ఎందుకంటే పోయిందని సంతకం పెట్టాక రెండు నెలలకి బీరువాలో దొరికితే మళ్లీ కాన్సులేట్‌తో ఉత్తరాలు నడపాలి. ఒకవేళ సరెండర్ కాకముందే దొరికింది, ఊళ్లో పెళ్లుంది, ఒక్కసారికి దీని మీదే వెళ్లొస్తా అనుకుంటారేమో, ఆ పని మాత్రం చెయ్యకండి. వేరే దేశం పౌరుడయ్యాక ఇండియన్ పాస్‌పోర్ట్ వాడటం 1967 పాస్‌పోర్ట్‌ల చట్టం కింద నేరం, జరిమానా పడుతుంది, ఓసీఐ దగ్గర కూడా అడుగుతారు. ఓసీఐ 2006లో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదలైంది, మనూళ్లో మొదలైన సౌకర్యాన్ని సరైన దారిలోనే తీసుకుందాం.

మీరింకా అమెరికన్ పాస్‌పోర్ట్‌కి వెయ్యకపోతే ఒక జాగ్రత్త. దానికి నేచురలైజేషన్ సర్టిఫికెట్ ఒరిజినలే పంపాలి, అది తర్వాత వేరే కవర్లో తిరిగొస్తుంది, పాస్‌పోర్ట్ వచ్చేసింది కదా అని ఆ రెండో కవరు సంగతి మర్చిపోవద్దు. పంపే ముందు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి, సరెండర్‌కీ ఓసీఐకీ ఆ కాపీలే కావాలి. అది పోతే ఎన్-565 వెయ్యాలి, ఆన్‌లైన్లోనే 505 డాలర్లు, పైగా నెలల తరబడి ఎదురుచూడాలి. రెండో కవరు మూడు నాలుగు వారాలైనా రాకపోతే పాస్‌పోర్ట్ ఆఫీస్‌కి ఫోన్ చేసి అడగండి, ఆలస్యం చేసేకొద్దీ వాళ్లు వెతకడం కష్టమవుతుంది.